లసుమవ్వ మొకం

తడిగుడ్డ విప్పి, తునికాకు మెత్తబడిందో లేదో బొటనవేలితో నొక్కి చూసుకుంది లసుమవ్వ. మెత్తబడింది. చాటను ఒడిలోకి లాక్కుని, గోడకు వీపు ఆనించి, కత్తెర అందుకుంది. కోరుట్లలో ఆ వాడకట్టంతా అప్పటికే గడపల్లో కూర్చుని బీడీలు చుడుతోంది. ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరచడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. అరవై దగ్గరపడ్డా ఆమె వేళ్లకు ఇంకా వయసు మీదపడలేదు. మెడ మాత్రం పెళ్లయిన కొత్తలోనే చాట మీదికి వంగింది. ఇప్పుడు లేచి నడిచినా సగం వంగే ఉంటుంది.

కారు ఆగిన చప్పుడుకు కూడా తల ఎత్తలేదు. ఎదురుగా రెండు చెప్పుల జతలు వచ్చి నిలబడ్డాయి.

"పెద్దమ్మా, నా పేరు సింధూజ. జగిత్యాల నుంచి అచ్చిన. రాజమల్లు సారు యాదికున్నడా?"

"యాదికుండకేంది బిడ్డా! మా పోరనికి బడిల బొమ్మలు నేర్పిండు. పానం మంచిగున్నదా సారుకు?"

బాగాలేదు. రాజమల్లు సారు కోరుట్ల బడిలో డ్రాయింగు మాష్టారుగా చేసి రిటైరై, సొంతూరు సిరిసిల్లకు వెళ్లిపోయాడు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఆయన బొమ్మలను ఇప్పుడు హైదరాబాదులో పెద్దపెద్దవాళ్లు వెతుక్కుని చూస్తున్నారు. ఆయన దగ్గరే కుంచె పట్టడం నేర్చుకున్న సింధూజ, ఆయన మీద సినిమా తీస్తోంది. కెమెరా మోస్తున్న అబ్బాయి సామేలు.

సింధూజ తన ట్యాబ్‌లో ఒక బొమ్మ తీసి ఆమె చాట మీద పెట్టింది. "ఇది నువ్వే పెద్దమ్మా."

లసుమవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని చూసింది. సారు తనను గీసిన ఎండాకాలం గుర్తొచ్చింది. పెనిమిటి మస్కట్‌లో ఉన్నాడు. సారు ఆదివారం ఆదివారం వచ్చి, ఎదురింటి మెట్టు మీద, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని కూర్చునేవాడు. మనవడికి చదువు చెప్పే సారని అత్త కొమురవ్వ కాదనలేకపోయింది. "గీసుకుంటె గీసుకోని. నీ చెయ్యి మాత్రం ఆగద్దు" అని చెప్పి, తను గడపలో కాపలా కూర్చుంది.

బొమ్మలో ఆడమనిషి గుట్ట కూర్చున్నట్టు కూర్చుంది. నీలం చీర. చాటలంత చేతులు. మొహం ఉండాల్సిన చోట మాత్రం అలికిన మట్టిలా నున్నగా ఉంది.

"గిదేంది బిడ్డా? మొకమేది?"

"అదే దాంట్ల గొప్ప పెద్దమ్మా. మొకం లేదు గనుక బీడీలు చేసే ప్రతి ఆడిమనిషీ అందులున్నట్టే."

"ప్రతి ఆడిమనిషి కూసున్నదా ఎండకాలమంత? నేను గద కూసున్నది!"

సామేలు ఫక్కున నవ్వాడు. లసుమవ్వ నవ్వలేదు. ఆకు మళ్లీ తడిగుడ్డలో చుట్టి, చాటా తంబాకూ సంచిలో పెట్టుకుని లేచింది.

"తోలుకపో నన్ను. సారునే అడుగుత."

దారంతా ఆమె కారులో బీడీలు చుడుతూనే ఉంది. కెమెరాలోకి తంబాకు పోతుందని సామేలు దాన్ని చొక్కాలో చుట్టి గుండెకు హత్తుకున్నాడు. వేములవాడ గుడి జనంలో కారు నిలిచినప్పుడు సింధూజ తన చిన్నతనం చెప్పింది. సారు సెలవుల్లో పిల్లల్ని జగిత్యాల ఖిల్లా మీదికి తీసుకెళ్లి, రోజంతా పెన్సిల్ ముట్టనివ్వకుండా కూర్చోబెట్టేవాడట. "సూసుడు నేర్చుకోండ్రి, గీసుడు దానంతటదే అస్తది" అనేవాడట.

"మరి నన్నేం సూసిండు?" అంది లసుమవ్వ.

సిరిసిల్లలో సారు ఇల్లున్న గల్లీ బట్ట నేసే సాంచెల మోతతో అదురుతోంది. కోడలు విజయ తలుపు తీసింది. మంచం మీద దిండ్లకు ఆనుకుని సారు ఉన్నాడు. కుడిచెయ్యి ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు పొట్ట మీద పడి ఉంది.

లసుమవ్వ ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చుంది. అలవాటుగా చాట ఒడిలోకి వచ్చింది. ఒక బీడీ చుట్టి, దారం అందుకుంటూ అడిగింది.

"సారూ, నేను లసుమవ్వను. నాకు మొకమెందుకు పెట్టలే?"

సారు పెదవి ఒక పక్కకే కదిలింది. నవ్వాడు. ఒక్కో మాటా కూడదీసుకున్నాడు.

"పెడుదామనే... సూసిన. నువ్వు ఎన్నడన్న... తలకాయెత్తినవా?"

లసుమవ్వ చేతిలో దారం ఆగిపోయింది. గడపలో అత్త. గల్లీలో పోయే మగవాళ్లు. మస్కట్ నుంచి దగ్గుతో తిరిగొచ్చిన పెనిమిటి, ఆ దగ్గుతోనే పోయినప్పుడు చుట్టూ చేరిన జనం. ఎక్కడా ఎత్తలేదు. ఆమెకు ముందు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"అగో, నిజమే గద సారూ!"

చాటను పక్కకు జరిపింది.

"ఇగో, ఎత్తిన. ఇప్పుడు గియ్యి."

"వద్దు మామా, అలిసిపోతవ్" అంది విజయ. సారు ఎడమచెయ్యి చాచాడు. తప్పక ఆమె అట్టా కాగితమూ ఒడిలో పెట్టి, పెన్సిల్ అందించింది.

"కదలకు" అన్నాడు సారు.

లసుమవ్వ మెడ కలుక్కుమంది. ఐనా దించలేదు. సారును ఆమె సూటిగా చూడటం కూడా అదే మొదలు. కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చ ఉందని, చెవులు ఇంత పెద్దవని అప్పుడే తెలిసింది. మంచి మొకం అనుకుంది. పెన్సిల్ కాగితం మీద గీరుకుంటూ, ఆగుతూ, మళ్లీ గీరుకుంటూ పోయింది. సారు ఆమెను చూశాడు, కాగితాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

కాసేపటికి పెన్సిల్ చప్పుడు ఆగింది. సారు కళ్లు వాలాయి. ఆ ఆదివారాల్లోనూ మధ్యమధ్య ఆ చప్పుడు అలాగే ఆగేది, మళ్లీ మొదలయ్యేది. ఆలోచిస్తున్నాడనుకుని ఆమె కదలకుండా కూర్చుంది.

విజయ చాయ తెచ్చింది. "మామా" అని పిలిచింది. ఇంకోసారి "మామా" అన్నప్పుడు ఆమె గొంతు మారింది. గ్లాసు కిటికీలో పెట్టి, మామ ఛాతీ మీద చెయ్యి వేసి, అక్కడే కూలబడింది. సామేలు తనంతట తానే కెమెరా ఆపేశాడు.

లసుమవ్వ ఇంకా తల ఎత్తే ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. సింధూజ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "పెద్దమ్మా, ఇగ సాలు."

సారు ఒడిలోంచి అట్ట దుప్పటి మీదికి జారింది. కాగితం మీద వణికిన గీతల్లో ఒక చెవి, చెవికి కమ్మ, ఒక కనుబొమ్మ, దాని కింద నిండుగా తెరుచుకున్న ఒక కన్ను. రెండో వైపు ఖాళీ. ముక్కు గీత మొదలైన చోట పెన్సిల్ మొన ఆగి, చిన్న నల్లటి చుక్క పడి ఉంది.