చచ్చినవాళ్లకు నీళ్లు

మా ఆయన లూబెక్ ఏటా జూలైలో ఒకసారి చస్తాడు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆరు వందల ఏళ్ల కిందట మా ప్రాంతంలో జరిగిన యుద్ధాన్ని, ఊరి చివర కూలిన ఇటుకల కోట కింద మైదానంలో మా దండు, అంటే ఈ సరదా ఉన్న ఊరివాళ్ల సంఘం, నాటకంలా మళ్లీ జరిపిస్తుంది. నల్ల సిలువ వేసిన తెల్లంగీల జర్మన్ యోధుల వైపు మా ఆయన దిగుతాడు. ఆ వైపు దిగడానికి పోలండులో ఎవడూ తనంతట తాను ముందుకు రాడు. ఏటా ఓడిపోయే వైపు అది. ఎవరో ఒకరు దిగాలి కదా అన్నారు, లూబెక్ కాదనలేకపోయాడు. ఎవరేం అడిగినా కాదనలేడు, నేను అడిగితే తప్ప.

మిగతా ఏడాదంతా పాల ఫ్యాక్టరీ కోల్డ్ స్టోరేజీలో వెన్న పెట్టెలు మోస్తాడు. నేను టౌను బస్సు నడుపుతాను. మాకొచ్చే సెలవులన్నీ ఈ పిచ్చికే పోతాయి. లోకమంతా సముద్రానికి వెళ్తే మేం గడ్డి పరుపుల మీద పడుకుని కట్టెల పొగ పీలుస్తాం. మా బాల్కనీలో ఇసుక నింపిన పీపా ఒకటుంది. ఇనుప గొలుసు చొక్కాకు తుప్పు వదలాలంటే దాన్ని అందులో వేసి గంటల తరబడి దొర్లించాలి. కింది ఫ్లాటు ముసలాయన చీపురు కర్రతో సీలింగు పొడుస్తూనే ఉంటాడు. స్నానాల తొట్టిలో ఒక వారం వాల్‌నట్ తొక్కలు నానుతాయి, ఒక వారం ఉల్లిపొట్టు, గుడ్డలకు రంగు వేయడానికి. మా అమ్మాయి కింగా చదువుకోవడానికి వేరే ఊరు వెళ్లిన వారానికే ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడ స్నానం చేస్తే రంగు అంటకుండా బయటికొస్తున్నానే" అంది. నవ్వాను గానీ నాకు లోపల మండింది.

అలాగని నాకు ఇష్టం లేదని కాదు. చేత్తో కుట్టడం ఇష్టం, నిప్పు మీద బఠాణీల జావ వండడం ఇష్టం. నా ఒళ్లు మండేది ఓల్గెర్ద్‌ను చూస్తే. ఊళ్లో టైర్ల షాపు ఆయనది, లూబెక్‌కు చిన్ననాటి స్నేహితుడు. శిబిరంలో మాత్రం "సేనాపతి గారూ" అని పిలవాలి. ప్లాస్టిక్, వాచీ, ఫోన్, కళ్లజోడు, మిషన్ కుట్టు ఆయన కంట పడకూడదు. శిబిరం వేసిన రోజు మా అందరి అంచులూ తిరగేసి కుట్లు చూస్తాడు. ఒకసారి ఇర్మీనా లంగాలో మిషన్ కుట్టు దొరికితే అందరి ముందూ ఆ కుట్లన్నీ విప్పించాడు. ఇర్మీనా అరవై ఏళ్ల మనిషి, రిటైరైన నర్సు.

నేనూ ఇర్మీనా ఇంకో నలుగురు ఆడవాళ్లం నీళ్లు మోసేవాళ్లం. మట్టి కూజాలతో మైదానం అంచున నిలబడి, కొట్లాట కాస్త సద్దుమణిగినప్పుడల్లా లోపలికి వెళ్లి మగవాళ్లకు నీళ్లు తాగిస్తాం. నిలబడి ఉన్నవాళ్లకు మాత్రమే. దెబ్బ తిని చచ్చినట్టు పడుకున్నవాళ్లు చివరి కొమ్ము ఊదేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. వాళ్ల దగ్గరికి మేం పోకూడదు. ఒక ఏడాది ఒక శవం లేచి కూర్చుని, గటగటా నీళ్లు తాగి, మూతి తుడుచుకుని మళ్లీ చచ్చిపోయింది. జనం పడీ పడీ నవ్వారు, జిల్లా పత్రికలో ఫోటో కూడా పడింది. ఆ ఏడాదే ఈ నియమం పెట్టారు. పెట్టమని పట్టుబట్టింది మా లూబెకే. ఆ ఫోటో చూసి రెండు రోజులు అన్నం తినలేదు మహానుభావుడు.

మామూలుగా అతనికి ఈ నియమంతో ఇబ్బంది లేదు. బొద్దుగా ఉంటాడు, ఎండ పడదు, అందుకని అందరికన్నా ముందే చస్తాడు. పొద చూసుకుని దాని నీడన పడి, డాలు ముఖానికి అడ్డం పెట్టుకుని హాయిగా పడుకుంటాడు. లూబెక్ పడితేనే యుద్ధం మొదలైనట్టు అని శిబిరంలో నవ్వుకునేవాళ్లు. నాకూ నవ్వొచ్చేది.

ఈసారి టీవీ వాళ్లు వస్తున్నారన్నారు. ఓల్గెర్ద్ మా ఇంటికొచ్చి, నేను పెట్టిన గసగసాల కేకు తింటూ చెప్పాడు.

"ఒరేయ్ లూబెక్, ఈసారి జెండా నీదిరా. జెండా పట్టినవాడు చివరికి చావాలి, మైదానం నడిమధ్యలో."

"నేనా?" అన్నాడు మా ఆయన. ముఖం వెలిగిపోయింది.

"ఎండలో అంతసేపా? ఈ మనిషి ఏడాదంతా ఫ్రిజ్‌లో బతుకుతాడు, తెలుసు కదా" అన్నాను.

"బోజెనా గారూ, యుద్ధమన్నాక ఎండ ఉంటుందండీ."

"నీకేం, గుడారం నీడలో గుర్రమెక్కి కూర్చుంటావు."

లూబెక్ బల్ల కింద నా కాలు తొక్కాడు. ఆ రోజు నుంచి ఇంట్లో చావు రిహార్సళ్లు మొదలయ్యాయి. జెండా నేలలో గుచ్చాలి, ఎడమ భుజం మీద పడాలి, ఒక్క పొర్లు పొర్లి వెల్లకిలా ఆగాలి. డ్రాయింగ్ రూమ్ తివాచీ మీద దిండ్లు పరిచి నెల రోజులు పడ్డాడు. పడ్డ ప్రతిసారీ లేచి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. "చచ్చినట్టుంది" అనేదాన్ని. కింద చీపురు కర్ర ఠపఠపలాడేది.

ఆ శనివారం గాలి అన్నదే లేదు. లోపల దూది కూరిన అంగీ, దాని మీద గొలుసు చొక్కా, దాని మీద రేకులు, తల మీద ఇనుప టోపీ. జనం గొడుగుల కింద ఐస్‌క్రీములు తింటూ చూస్తున్నారు. విరామంలో రెండుసార్లు లూబెక్‌కు నీళ్లిచ్చాను. రెండోసారి కూజా అంచు అతని నోటికి సరిగ్గా అందలేదు, సగం గడ్డం మీద కారిపోయింది.

"చాలు, పడిపో. పొద దగ్గరికి పోయి పడిపో" అన్నాను.

"జెండా" అన్నాడు. అంతకన్నా మాట రాలేదు.

పక్కనున్న ఇర్మీనా నా మోచెయ్యి గిల్లి, "మీ ఆయన ముఖం నాకు నచ్చలేదే" అంది.

ఆ తర్వాత పోలిష్ గుర్రాలు వచ్చాయి. తెల్లంగీలన్నీ వరసగా నేలకూలాయి. చివరికి లూబెక్ పడ్డాడు. భుజం మీద కాదు. పొర్లలేదు. మోకాళ్లు ముడుచుకుపోయి, ముఖం నేలకు కొట్టుకునేలా తిన్నగా పడ్డాడు, జెండా కిందే ఉండిపోయింది. జనం అబ్బా అన్నారు. ఎవరో ఈల వేశారు.

నేను కూజా ఎత్తుకుని నడిచాను. మొదట నడిచాను, తర్వాత పరిగెత్తాను.

"బోజెనా, వెనక్కి. శవాల దగ్గరికి నీళ్లొద్దు" అని గుర్రం మీంచి ఓల్గెర్ద్ అరిచాడు. అతని గుర్రం నాకు అడ్డం వచ్చింది. దాని మూతి పక్కకు నెట్టి వెళ్లాను.

లూబెక్‌ను తిప్పేసరికి నా నడుం విరిగినంత పనయింది. టోపీ లాగేశాను. ముఖం ఎర్రగా కాలిపోతోంది, ఒక్క చెమట చుక్క లేదు, కళ్లు పైకి పోయాయి. కూజా మొత్తం కుమ్మరించాను. నడుముకు కట్టుకున్న కుట్టు కత్తెరతో తోలు పట్టీలు కోయడం మొదలుపెట్టాను. డాక్టర్ని పిలవండి అని అరిచాను. మైకులో వ్యాఖ్యానం చెప్పేవాడికి ఆ క్షణంలో ఊపొచ్చింది.

"చూడండి, యుద్ధభూమిలో భర్త శవం మీద పడి గుండెలు బాదుకుంటున్న అభాగిని. ఆ కాలపు ఆడవాళ్ల కన్నీళ్లు ఇలాగే ఉండేవి."

జనం చప్పట్లు కొట్టారు. నేను అరిచిన కొద్దీ ఇంకా కొట్టారు. ఆ చప్పట్లు నేను చచ్చేదాకా క్షమించను. లంగా లోపలి జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకుంటే గానీ వాళ్లకు అర్థం కాలేదు. ఆ ఫోన్ చూశాకే చప్పట్లు ఆగాయి. ఇర్మీనా తన కూజాతో, మిగతా ఆడవాళ్లు వాళ్ల కూజాలతో పరిగెత్తుకొచ్చారు. అంబులెన్సు వచ్చేదాకా ఇర్మీనా అతని మెడ మీద, చంకల్లో తడిగుడ్డలు మారుస్తూనే ఉంది.

మూడో రోజు ఆస్పత్రిలో సరిగ్గా కళ్లు తెరిచాడు. మూత్రపిండాలు పాడయ్యే అంచుదాకా వెళ్లి వచ్చాడని డాక్టరమ్మ అంతకుముందే చెప్పింది. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. ఏడుపు ఆపుకుంటున్నాను.

"జెండా చిరిగిందా?" అని అడిగాడు.

"లేదు."

"ఎలా పడ్డాను? బాగా వచ్చిందా?" అన్నాడు.

చెయ్యి వదిలేసి కారిడార్‌లోకి వెళ్లి కాఫీ మెషీన్‌ను ఒక తన్ను తన్నాను. పక్కనున్నవాళ్లు చిల్లర ఇరుక్కుందనుకున్నారు.

సెప్టెంబరులో అగ్నిమాపక కేంద్రం హాల్లో దండు వార్షిక సమావేశం పెట్టారు. మొదటి విషయం నేనే. మైదానంలోకి చొరబడడం, ఫోన్ బయటికి తీయడం, సేనాపతి గుర్రాన్ని తోయడం.

"మందలింపుతో వదిలేద్దాం. పరిస్థితి అలాంటిది కాబట్టి" అన్నాడు ఓల్గెర్ద్, ఏదో దానం చేస్తున్నట్టు.

నేను లేచాను. "మందలించుకో. నాకొక ప్రతిపాదన ఉంది. పడ్డవాళ్ల దగ్గరికి కూడా మేం వెళ్తాం. ప్రతి శవాన్నీ పలకరిస్తాం, నీళ్లిస్తాం. ఓటు పెట్టు."

"అప్పుడిక అది యుద్ధమా, పిక్నిక్కా? చచ్చినవాళ్లు నీళ్లు తాగుతారా ఎక్కడైనా?"

"ఫ్రిజ్‌లో బతికేవాణ్ని ఎండలో నిలబెట్టి చంపబోయావు, ఇంకా మాట్లాడుతున్నావా?"

"ఒంట్లో బాగోకపోతే అతనే చెప్పాలి కదండీ. నోరుంది కదా."

అప్పటిదాకా నా పక్కన కోటు వేసుకుని ముడుచుకు కూర్చున్న లూబెక్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"చెప్పానురా" అన్నాడు.

హాలంతా అతని వైపు తిరిగింది.

"పడ్డాక కాసేపు తెలివిలోనే ఉన్నాను. నీళ్లు, నీళ్లు అన్నాను. పక్కనే బోగుమిల్ చచ్చి పడున్నాడు. నోరు ముయ్యరా, నువ్వు చచ్చావు అన్నాడు."

బోగుమిల్‌ది మా వీధి మందుల షాపు. ఊరి ముసలాళ్లందరి బీపీ చూసేది అతనే. అతని ముఖం పాలిపోయింది.

"నువ్వు బాగా చేస్తున్నావనుకున్నాన్రా" అన్నాడు. "అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు నువ్వు. నేను మనసులో మెచ్చుకున్నాను కూడా."

"నీ తప్పేం లేదులే" అన్నాడు లూబెక్, నిజంగానే ఓదారుస్తూ. "నియమం ప్రకారమే చేశావు."

నాకు ఆ మాట అప్పటిదాకా తెలియదు. రెండు నెలలుగా ఒకే మంచం మీద పడుకుంటున్నాం, నాకు చెప్పలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో మందుల షాపువాడు పడుకుని నా మొగుడి దాహాన్ని మెచ్చుకున్నాడు. అక్కడ కూజా ఏదైనా ఉండి ఉంటే ఎవరి నెత్తి మీదో పగిలేది.

మా దండులో ఓటంటే లేచి నిలబడడం. బోగుమిల్ అందరికన్నా ముందు లేచాడు, కుర్చీ వెనక్కి పడిపోయింది. ఇర్మీనా, ఆడవాళ్లు లేచారు. తెల్లంగీలవాళ్లు, పోలిష్ వాళ్లు ఒక్కొక్కరే లేచారు. చివరికి ఓల్గెర్ద్ కూడా బల్ల మీద చేతులానించి లేచాడు. నియమం మారిపోయింది. లూబెక్ మాత్రం కూర్చునే ఉన్నాడు. ఇంకా నీరసంగా ఉన్నాడు పాపం అనుకుని అతని భుజం మీద చెయ్యి వేశాను. ఎన్నో నెలల తర్వాత నాకు అతని మీద ప్రేమ కలిగింది.

కారులో ఊరివైపు వస్తూ అడిగాను.

"కాళ్లు ఇంకా లాగుతున్నాయా? లేవలేకపోయావు."

"కాళ్లకేం, బాగానే ఉన్నాయి."

"మరి?"

కిటికీలోంచి బయటికి చూశాడు. కోసేసిన గోధుమ చేలు సాయంత్రపు వెలుగులో పసుపుపచ్చగా కనిపిస్తున్నాయి.

"నువ్వేమీ అనుకోకు బోజెనా. అందరూ నీ మాట కాదనలేక లేచారు. కానీ ఆలోచించు. యుద్ధం మధ్యలో ఆడవాళ్లు శవాల మధ్య తిరుగుతూ కూజాలు వంపుతుంటే ఎలా ఉంటుంది? జనం నవ్వుతారు. అదే, అప్పుడు పత్రికలో పడ్డ ఫోటోలా. నేను దానికి ఓటెయ్యలేను. నియమం నియమమే."

"నువ్వు చచ్చిపోయేవాడివి లూబెక్."

"చచ్చిపోలేదు కదా" అన్నాడు ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "అయినా చూసినవాళ్లంతా చెప్తున్నారు, అంత సహజంగా ఎవరూ పడలేదని."

బస్సు నడిపే మనిషిని. రెండు స్టాపుల మధ్య ఎవరినీ దించకూడదు, ఏడ్చినా, తిట్టినా, తాగి వాంతి చేసుకున్నా. ఇన్నేళ్లలో ఒక్కసారీ దించలేదు. కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను.

"టైరా?" అన్నాడు లూబెక్.

"దిగు."

దిగాడు. ముందు చక్రం చూశాడు, వెనక చక్రం చూశాడు, వంగి కిందకు కూడా చూశాడు. తర్వాత నా వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అన్నీ బాగానే ఉన్నాయే. ఏమైంది?"

"ఇంటికి మూడు కిలోమీటర్లు" అన్నాను. "నువ్వు బతికే ఉన్నావు కదా. నడిచి రా."

అద్దం పైకెత్తి గేరు వేశాను.