ఎర్ర బాణం పక్కన మెట్లు

మా ఇంటి మెట్లకు ఒక పక్క గోడ, ఇంకో పక్క గాలి. పట్టుకోవడానికి ఏమీ లేదు. మా ఆయన వెల్డరు. ఈ వీధిలో ఏ గేటు చూసినా, ఏ కిటికీ చూసినా ఆయన చేతిదే. మా మెట్లకు మాత్రం గ్రిల్లు లేదు. ఎందుకంటే స్పీడు రైలు వస్తోంది కాబట్టి.

ఆ రైలు నేను కాపురానికి వచ్చేనాటికే వస్తోంది. తొమ్మిదో క్లాసులో నేను బడి మానేసిన రోజుల్లో పేపర్లో దాని బొమ్మ చూశాను, మూతి సాగదీసిన చేపలా ఉండేది. ఒక ప్రభుత్వం స్తంభాల మీద పోనిస్తామంటుంది. తర్వాతది భూమి కింద నుంచి అంటుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు అసలు రైలు కావాలా అని కమిటీ వేస్తారు. కమిటీ టీ తాగి లేచేసరికి మళ్ళీ ఎన్నికలు.

మాకు మిగిలిందల్లా మెట్ల మొదట్లో, గోడ మీద మోకాలి ఎత్తున ఒక ఎర్ర బాణం. ఇంట్లో ఎవరూ లేని పూట ఎవరో వేసి పోయారట. మా ఇల్లు రైలు దారిలో పడిందనడానికి అదే సాక్ష్యమని, అది చెరిగితే సర్కారు మమ్మల్ని మరిచిపోతుందని మా అత్తయ్య నమ్మకం. ఏటా వానలు వెలిశాక పీట వేసుకుని, చిన్న బ్రష్షుతో దాన్ని దిద్దుతుంది. ఇంటికి సున్నం వేయడానికి వచ్చినవాళ్ళను కూడా దాని దరిదాపులకు రానివ్వలేదు.

నా భయం వేరు. మా పిల్లను ఉడుత అంటాం. నడక కుదురుకోకముందే ఎక్కడం నేర్చింది. గిన్నెలు తోముతున్నా నా చెవి మెట్ల మీదే ఉంటుంది. తాడు కట్టాను, కింద నుంచి దూరింది. చివరికి ఇంట్లో ఉన్న ఒక్క బరువైన కుర్చీని అడ్డం పెట్టాను. దాన్ని జరపడం, దాటడం మాత్రం పిల్ల వల్ల కాలేదు.

"ఒక్క గ్రిల్లు పెట్టయ్యా" అని ఎన్నిసార్లు అడిగానో.

"రేపో మాపో కొట్టేసే ఇంటికి ఇనుమెందుకే?"

"పెళ్ళయిన కొత్తలోనూ రేపో మాపో అనే అన్నావు."

"పెద్ద ప్రాజెక్టు. టైం పడుతుంది."

"ఈలోపు నీ కూతురు పడుతుంది!"

అలా కీచులాడుకుంటుండగానే మూడుకాళ్ళ యంత్రం భుజాన వేసుకుని సర్వేవాళ్ళు దిగారు. ఒక ఇంజనీరు అమ్మాయి, వెంట టేపు పట్టుకునే మనిషి. అత్తయ్య ఆనందం పట్టలేకపోయింది. "రా తల్లీ, ఎండన పడి వచ్చావు, కూర్చో" అంటూ కుర్చీ తెచ్చి వేసింది.

ఆ అమ్మాయి కూర్చుని గోడ వంక చూసింది. "ఈ బాణం ఎవరు వేశారండీ?"

"మీవాళ్ళేగా!"

"మేం గోడల మీద రంగులు వేయం పెద్దమ్మా, నేలలో మేకు కొడతాం. ఇది నీళ్ళ పైపువాళ్ళ గుర్తు. ఇక్కడ పైపు మలుపు తిరుగుతుందని."

అత్తయ్య నోరు తెరిచింది. "మరి ఇన్నేళ్ళూ నేను దిద్దింది..."

"చాలా చక్కగా దిద్దారు" అంది ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ.

మా ఆయన ముందుకొచ్చాడు. "అయితే రైలు ఇటు రాదాండీ?"

"రావచ్చు, రాకపోవచ్చు. మూడు దారులు చూస్తున్నాం. దేనికీ డబ్బు మంజూరు కాలేదు."

"ఎప్పుడు తేలుతుంది?"

"ఈ అధ్యయనం అయ్యాక ఇంకో అధ్యయనం ఉంటుంది."

"దేని మీద?"

"ఈ అధ్యయనం మీదే."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన మొహం మాత్రం వెలిగింది. "అంటే ఛాన్సు ఉన్నట్టే! స్పీడెంతండీ?"

"గంటకు మూడు వందల కిలోమీటర్లు."

ఆయన ఈల వేశాడు. అప్పుడు నా చూపు ఆ అమ్మాయి కూర్చున్న కుర్చీ మీద పడింది. అది మెట్ల దగ్గర ఉండాల్సిన కుర్చీ.

తిరిగి చూశాను. ఉడుత పైమెట్టు మీద గాలి వైపు అంచున నిలబడి, ఒక కాలు ఎత్తి నవ్వుతోంది. అరిస్తే ఉలిక్కిపడుతుంది. పరిగెత్తితే ఆట అనుకుని వెనక్కి అడుగేస్తుంది. నోరు మూసుకుని, నవ్వు మొహం పెట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. కింద మా ఆయన చేతులు చాచి నిలబడ్డాడు. గౌను అంచు నా పిడికిట్లోకి వచ్చాకే ఊపిరి తీసుకున్నాను.

పిల్లను ఎత్తుకుని దిగి వచ్చాను. ఇంజనీరు అమ్మాయి లేచి, కుర్చీని తనే మోసుకొచ్చి మెట్లకు అడ్డం పెట్టింది.

మా ఆయన మెట్టు అంచును జానతో కొలిచాడు. "పెడతాలే గ్రిల్లు. కానీ మెట్లలో పూడ్చను. బోల్టులు వేస్తా. రైలొస్తే విప్పుకుని పట్టుకుపోవచ్చు."

ఇంత జరిగినా ఈ మనిషికి రైలే! "ఏదో ఒకటి పెట్టు మహానుభావా" అన్నాను.

మర్నాడే పెట్టాడు. కడ్డీల మధ్య సందు టేపుతో కొలవనివ్వలేదు నేను. పిల్ల తలతో కొలిపించాను. గ్రిల్లుకు ఆయన ఎర్ర రంగు వేస్తుంటే అత్తయ్య బ్రష్షు పట్టుకుని వచ్చింది. "కాస్త అడుగున మిగల్చరా."

"అత్తయ్యా, అది పైపుదట!"

"నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల, దానికేం తెలుసు?" అంటూ బాణం ముందు పీట వేసుకుంది.

మా ఆయన స్పానరు కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి లేచాడు. "బోల్టులు మరీ బిగించలేదు. రేపు విప్పడం తేలిక."

ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి స్పానరు తీసుకున్నాను. ఉడుతను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అడుగు మెట్టు నుంచి మొదలుపెట్టి, ఒక్కో బోల్టునూ ఇక తిరగనని మొరాయించేదాకా బిగించాను.