గురుగ్రహం దారిలో రెండు గుంపులు

మా ఆయన పోయి ఏడాది తిరగకముందే ఆయన గొంతు ఒక కొత్త వాక్యం చెప్పింది.

అది నేను పిల్లల మధ్య కూర్చుని విన్నాను. మా నక్షత్రశాలలో ఆకాశం ప్రదర్శనకు వ్యాఖ్యానం ఆయనదే. రికార్డు చేసి చాలా ఏళ్ళయింది. ఏటా ఏడో తరగతిని అక్కడికి తీసుకెళ్ళడం సైన్సు టీచరుగా నా వంతు. ఏ మాట దగ్గర ఊపిరి పీలుస్తారో, ఎక్కడ గొంతు సవరించుకుంటారో నాకు కంఠతా వచ్చు. ఈసారి వెళ్ళకుండా ఉందామనుకున్నాను. కానీ లెక్కల మాస్టారు అంతమందిని ఒక్కణ్ణే అదుపు చేయలేనన్నారు. వెళ్ళాను.

నక్షత్రశాల గుండ్రటి గోపురం లోపల దీపాలు ఆరాయి. తలమీద గురుగ్రహం కదిలింది. అది నడిచే దారిలోనే, దానికి బాగా ముందు ఒక గుంపు, అంతే దూరంలో వెనక ఒక గుంపు, సన్నటి చుక్కలు. ట్రోజన్ గ్రహశకలాలంటారు. సూర్యుడి లాగుడు, గురుడి లాగుడు, వాటి సొంత పరుగు సరితూగే చోట్లు అవి. అక్కడ పడ్డ రాళ్ళు అటూ ఇటూ ఊగుతాయే గాని, చాలామటుకు గురుడిని అందుకోవు, విడిచిపోవు. "ఇవి గురుడితోపాటే, ఆ చుట్టుపక్కలే పుట్టాయి" అని ఆయన అనాలి. తరువాత చిన్నగా దగ్గాలి.

దగ్గు రాలేదు.

"ఇవి ఇక్కడ పుట్టినవి కావని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు," అంది ఆయన గొంతు. "పెద్ద గ్రహాలు దారులు మార్చుకున్న తొలినాళ్ళలో, ఎక్కడో దూరపు చలిలో ఉన్న రాళ్ళు చెల్లాచెదురై, ఇటు వచ్చి చిక్కుకున్నాయి."

లెక్కల మాస్టారు నా వైపు వంగారు. "మేడమ్, సార్ ఇదెప్పుడు చెప్పారండీ? పోయినేడు లేదే?"

"పాఠం మారిందండీ," అన్నాను.

నక్షత్రశాలలో యంత్రాలు, దీపాలు, శబ్దం చూసుకునేది మా అబ్బాయి. ఆరడుగుల మనిషిని ఇంట్లో ఇంకా బుడ్డోడనే పిలుస్తాం. పిలుస్తాం అని రాశాను గాని, ఇప్పుడు పిలిచేది నేనొక్కదాన్నే. ప్రదర్శన అయ్యాక వాడి గదిలోకి వెళ్ళాను. వాడి పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. దాని మీద ఎవరో ఇప్పుడే తీసి పెట్టినట్టు హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

"ఆ మాట ఎవరన్నార్రా?"

"నాన్నే."

"నాన్న అనలేదు."

"రాసింది నేను, గొంతు నాన్నది. పాత రికార్డింగులన్నీ కంప్యూటర్‌కి ఇచ్చా. ఇప్పుడు ఏం రాసినా నాన్నలాగే చదువుతుంది. పిల్లలకి పాత పాఠం చెప్తున్నారని విసుక్కుంది నువ్వే కదమ్మా?"

విసుక్కున్న మాట నిజమే. వాక్యంలో తప్పు కూడా లేదు. ఆ రాళ్ళ దారులు అంతంత వాలుగా ఎందుకున్నాయో పాత లెక్క సరిగా చెప్పలేదు, కొత్తది చెబుతుంది. దిద్దడానికి నాకేమీ దొరకలేదు.

"మరి దగ్గేదీ?"

"తీసేశా. బాగోలేదు కదా."

ఆ తరువాత వాడు ఇంటికి రావడం తగ్గింది. వచ్చినా అన్నం కలుపుతూ ఫోన్ తెరలోకి చూసేవాడు. ఇచ్చి పంపిన క్యారియర్ ఇచ్చినట్టే తిరిగొచ్చేది. ఒక ఆదివారం మాత్రం తనంతట తానే మాట్లాడాడు.

"అమ్మా, నాన్న నవ్వు ఎక్కడైనా రికార్డయిందా? వ్యాఖ్యానంలో ఒక్కచోటా నవ్వలేదు. నవ్వు లేకపోతే మనిషిలా రావట్లేదు."

"అది మనిషి కాదు కదరా."

వాడు కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. చెయ్యి కడుక్కున్న నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

మరుసటి వారం, మధ్యాహ్నం బడిలో స్టాఫ్‌రూమ్‌లో జవాబు పత్రాలు దిద్దుతుంటే ఫోన్ మోగింది. వాడి నంబరు.

"ఏమోయ్, భోంచేశావా?" అన్నారు మా ఆయన.

ఫోన్ బల్ల మీద బోర్లించాను. నా చేతిలోని ఎర్ర పెన్ను ఎవరి పత్రం మీదో అడ్డంగా గీత గీసింది. ఎదురుగా లెక్కల మాస్టారు డబ్బా మూత తీస్తున్నారు.

"ఎవరండీ?"

"రాంగ్ నంబర్."

"ఈమధ్య వాళ్ళూ కుశలప్రశ్నలు వేస్తున్నారండీ," అని ఆయన నవ్వారు. 'భోంచేశావా' అన్న ముక్క మాత్రం ఆయన చెవిన పడినట్టుంది. నేనూ నవ్వాననుకుంటాను.

సాయంత్రం బడి నుంచి నేరుగా నక్షత్రశాలకు వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీ అబ్బాయిని కాస్త ఇంటికి తీస్కెళ్ళండి. పగలంతా లోపల మాటలే మాటలు. ఒకటి మీ వాడి గొంతు, రెండోది సార్‌ది. సార్ పోయినప్పుడు మోసినోణ్ణి నేను. అటు పోవడమే మానేశా."

లోపల మా వాడు నన్ను చూడగానే ఉత్సాహంగా కుర్చీ తిప్పాడు. "ఎలా ఉందమ్మా? నీకూ తోడుగా ఉంటుందని చేశా."

"ఆయన నన్ను ఎప్పుడూ భోంచేశావా అని అడగలేదురా. ఆకలేస్తోంది అనేవారు."

వాడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. బుగ్గలు లోపలికి పోయి, ముక్కు ఒక్కటే తండ్రిదిగా మిగిలింది. ఇలాగే ఉంటే వీణ్ణి కూడా పోగొట్టుకుంటానని ఆ క్షణం నాకు స్పష్టంగా తెలిసింది. బతిమాలితే ఇంకా బిగుసుకుంటాడు. అందుకని వేరే మాట ఎత్తాను.

"గురువారం బి సెక్షన్‌ని తీసుకొస్తున్నాను. ఆ ఒక్క ప్రదర్శనకి వ్యాఖ్యానం నేను చెప్తాను. ఆ గొంతు ఆపెయ్. అయ్యాక నువ్వు మా బస్సులోనే ఇంటికి రావాలి. నాలుగు రోజులు సెలవు పెట్టు."

వాడు పక్క కుర్చీ వైపు చూశాడు. ఎవరినో అడుగుతున్నట్టు కాసేపు చూశాడు.

"సరే అమ్మా. ఒక్క ప్రదర్శన."

గురువారం గోపురం మధ్యలో మైకు పట్టుకుని నిలబడ్డాను. చీకట్లో పిల్లల ఊపిరి తప్ప ఏమీ లేదు. చంద్రుడి గురించి చెప్పాను, అంగారకుడి గురించి చెప్పాను. వాడు ఏ బొమ్మా ఆలస్యం చేయలేదు. నా మాట ఎక్కడ ఆగితే ఆకాశం అక్కడ తిరిగింది. ఇద్దరం కలిసి పని చేస్తున్నాం. నాకు ధైర్యం వచ్చింది.

గురుగ్రహం వచ్చింది.

"దీని దారిలోనే పిల్లలూ..." అన్నాను.

"రెండు గుంపులున్నాయి," అంది ఆయన గొంతు.

నేను ఆగాను. అదీ ఆగింది. పొరపాటున తగిలి ఉంటుందనుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"ముందున్న గుంపు..."

"ఎప్పటికీ ముందే ఉంటుంది."

"మేడమ్, సార్ మీకు అందిస్తున్నారు!" అని ఒక పిల్ల అరిచింది. అందరూ నవ్వారు. నేను మూడోసారి నోరు తెరిచేసరికి నా వాక్యం నాకన్నా ముందే గోపురంలో తిరుగుతోంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను మౌనంగా ఉంటే అదీ మౌనంగా ఉంది. ఆ మౌనంలో, చెక్కగోడ అవతల వాడి గదిలో కీబోర్డు మీద వేళ్ళ చప్పుడు సన్నగా వినిపించింది. అది రికార్డింగు కాదు. అప్పటికప్పుడు వాడు రాస్తున్నాడు.

మైకు కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్ళాను. తలుపు లోపల గడియ వేసి ఉంది.

"బుడ్డోడా, చాల్లేరా. ఇంటికి పోదాం."

వేళ్ళ చప్పుడు.

"పిల్లలు భయపడుతున్నారు," అంది గొంతు, పైనుంచి, నాలుగు వైపులనుంచి. "వాళ్ళని తీసుకుని ముందు నువ్వు నడువు. నేను వెనకే వస్తాను."

"నిన్ను అడుగుతున్నాను. నీ గొంతుతో చెప్పు."

తలుపుకు చెవి ఆనించాను. వాడి ఊపిరి వినిపించింది, అంత దగ్గరగా ఉన్నాడు. తరువాత ఆ ఊపిరి దూరమైంది. కుర్చీ కిర్రుమంది.

"ఇది నా గొంతే," అన్నారు మా ఆయన.

వెనక వరుసలో ఎవరో ఏడుపు అందుకున్నారు. లెక్కల మాస్టారు ఫోన్ దీపం వేసి, "లైన్లో రండి, ఒకరి వెనక ఒకరు," అంటున్నారు. నేను ఒక చిన్నదాని చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. ఎండ మొహాన కొట్టింది. పిల్లలు బస్సు ఎక్కారు, కిటికీల కోసం పోట్లాడుకున్నారు, అప్పుడే అంతా మరచిపోయారు.

"పోనిద్దామా టీచరుగారూ?" అన్నాడు డ్రైవరు.

"ఒక మనిషి రావాలి."

అతను ఇంజను ఆపాడు. నేను మెట్టు మీద నిలబడి గోపురం తలుపు వైపు చూస్తున్నాను. లోపల సంగీతం మొదలైంది. తరువాతి ప్రదర్శనకు వచ్చినవారికి ఆ గొంతు స్వాగతం చెబుతోంది, నెమ్మదిగా, ఎంతో ఆదరంగా. ఆ తలుపులోంచి లోపలికి ఎవరూ వెళ్ళలేదు. ఆ పూట వచ్చిన బస్సు మాది ఒక్కటే.