లీటరుకి ఆరు

మా ఆయన్ని అందరూ మైలేజీ డాక్టరు అంటారు. స్కూటర్ల మెకానిక్కు. ఎంత పెట్రోలు తాగే స్కూటరైనా ఆయన చెయ్యి పడితే బుద్ధిగా దారికొచ్చేది. అలాంటి మనిషి షాపు మూసేసి మోటార్‌హోమ్ కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, ఓ మూల స్నానాలగది. చక్రాల మీద కాపురమన్నమాట. కొన్నది నాకోసమే. నడుం దెబ్బతిన్నప్పటినుంచి నేను కూర్చుని ప్రయాణం చెయ్యలేను. మా చెల్లెలిదేమో దూరపు ఊరు, దాన్ని చూడక ఎన్నేళ్ళయిందో తలుచుకుంటేనే ఏడుపొస్తుంది. పడుకుని వెళ్ళొచ్చు కదా అని తెచ్చాడు.

తెచ్చినరోజు, లారీ నడిపే మా తమ్ముడు బండి చుట్టూ తిరిగి చూశాడు.

"బావా, లీటరుకి ఆరు కిలోమీటర్లొస్తే దణ్ణం పెట్టుకో."

"నీ చేతికి ఆరేరా. నా చేతికి పది!" అన్నాడీయన మీసం మెలేసి. ఆ పది సంగతి వీధంతా టాంటాం చేసి మరీ బయల్దేరాం.

వచ్చింది ఆరు.

మా ఆయన ముఖం మాడిపోయింది. ఇక చూసుకోండి, ఆగిన చోటల్లా బండి కింద దూరడమే. స్కూటరుకి చేసే వైద్యమంతా దీనికీ చేశాడు. ఎయిర్ ఫిల్టరు దులిపాడు, టైర్లలో గాలి చూశాడు, సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా నడిపాడు. ఏసీ కట్టేస్తే ఉడికి చచ్చాను. అయినా ఆరే, మహా అయితే ఓ పిసరు ఎక్కువ.

మర్నాడు డీజిలు బంకు పక్కన ఆపి, బరువు దించడం మొదలెట్టాడు. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశాడు. నా పొయ్యి, గిన్నెల బుట్ట, మడతకుర్చీలు పట్టుకెళ్ళి, "వచ్చేటప్పుడు తీసుకెళ్తానమ్మా" అంటూ బంకులో పనిచేసే ఆవిడకి అప్పగించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి నా పరుపు కొస పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అదీ దించుతారా?" అన్నాను.

"వెనక్కి పోదామే. దీన్ని అమ్మేద్దాం. నా చేతిలో పస పోయింది."

అవతల చెల్లెలు ఎక్కడిదాకా వచ్చారంటూ ఫోను మీద ఫోను చేస్తోంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే, నేను మళ్ళీ దాని గడప తొక్కేదెప్పుడు? ఈ మొండిఘటం కళ్ళల్లో నీళ్ళు చూస్తే మాత్రం, చెల్లెలి కంటే ముందు ఈయన మీదే జాలేసింది. జాలేస్తే నాకు కోపం కూడా వస్తుంది.

"పస ఎక్కడికీ పోలేదు గానీ, ఇన్నాళ్ళూ మీరు చూసినవి స్కూటర్లు. వాటికి గోడలున్నాయా? కప్పుందా? లోపల మంచం, దానిమీద నా అంత పెళ్ళాం ఉందా? ఇవన్నీ మోస్తూ, ఎదురుగాలిని నెట్టుకుంటూ పోవాలి ఈ బండి. తమ్ముడు చెబితే వినకుండా పది, పది అని మీరే గొంతు చించుకున్నారు. పాపం, ఆరేం చేసింది మధ్యలో?"

ఆయన పరుపు మీద కూలబడ్డాడు. "ఆరంటే వీధిలో నవ్వుతారే."

"నవ్వనివ్వండి, నేను చెప్తాగా! వీధిలో అన్ని ఇళ్ళున్నాయి, ఇన్నేళ్ళలో ఏ ఇల్లైనా అంగుళం కదిలిందా? మీరు కొన్న ఇల్లు లీటరుకి ఆరు కిలోమీటర్లు కదిలి, నన్ను నా చెల్లెలి దగ్గరికి తీసుకెళ్తోంది."

ఆయన లేచి, పరుపు సర్ది, సామాను తెచ్చుకోవడానికి బంకులోకి నడిచాడు. కిటికీలోంచి వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఎంతిస్తుందండీ మీ బండి?" అని అడిగిందావిడ, పొయ్యి అందిస్తూ.

"ఆరమ్మా!" అన్నాడు, గొంతు తగ్గించకుండానే. "ఇల్లు కదా మరి."