నా గుడ్డ టాపును పీకించిన సత్తిరాజు

నేను ఒక కారుని. నా టాపును చంపింది సత్తిరాజు. వాన కాదు, వయసు కాదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నాది గుడ్డ టాపు. కావాలంటే వేసుకోవచ్చు, అక్కర్లేకపోతే వెనక్కి మడవచ్చు. పరదేశంలో ఒక కర్మాగారంలో నాకు ఇంజను పెట్టిన రోజునే దాన్నీ బిగించారు. ముదురు నీలం కాన్వాసు, లోపల రబ్బరు పూత. ఓడలో కలిసి వచ్చాం. మద్రాసులో ఒక డాక్టరు దగ్గర కలిసి ఉన్నాం. ఆయన నా బానెట్టును రోజూ తుడిపించేవాడు, టాపును మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. అయినా అది ఒక్క చుక్క లోపలికి రానివ్వలేదు. తర్వాత తణుకులో ఒక రైసు మిల్లు యజమాని కొన్నాడు. మోజు తీరాక షెడ్డులోకి తోసి, చుట్టూ తవుడు బస్తాలు పేర్చాడు. ఎలుకలు నా సీట్లు కొరికాయి. టాపు జోలికీ వచ్చాయి గాని, రబ్బరు రుచించలేదు కాబోలు, వదిలేశాయి.

అక్కడికి వచ్చాడు సత్తిరాజు. అమలాపురంలో పెళ్లిళ్లకు కార్లు అద్దెకిచ్చే మనిషి. టాపు మీద దుమ్ము చేత్తో తుడిచాడు. మడిచి చూశాడు, వేసి చూశాడు.

"దీన్ని చూసే కొంటన్నానండి. ఇది లేకపోతే కారేంటండీ, నీళ్ల తొట్టి! ఇంటిమనిషిలా చూసుకుంటానండి" అన్నాడు.

నేను నమ్మాను. టాపూ నమ్మింది.

ఊరేగింపుకు టాపు మడిచేవాడు. పెళ్లికూతురిని అత్తవారింటికి తీసుకెళ్లేటప్పుడు టాపు వేసి, దాని మీద పూల అలంకరణ చేయించేవాడు. చేసేది అతని బావమరిది చిన్నబ్బులు. పూల కొట్టు ఉంది. టాపు నడిమధ్యన బంతిపూలతో హృదయం బొమ్మ, అందులోంచి దూసుకుపోయే బాణం. ప్రతి పెళ్లికీ అదే బొమ్మ. వేరేది అతనికి రాదు.

"ఒరేయ్ చిన్నబ్బులూ, టాపుకి సూది తగలకూడదు. పక్క కొక్కేలకి దారం కట్టు" అని సత్తిరాజు ముందే చెప్పాడు.

"నాకు తెలీదా బావా?"

బావ టీకి వెళ్లగానే చిన్నబ్బులు గుండుసూదుల డబ్బా తీసేవాడు. దారం కట్టడానికి ఓపిక కావాలి. సూది గుచ్చడానికి ఏమీ అక్కర్లేదు. పెళ్లయ్యాక దండ కొస పట్టుకుని ఒక్క లాగు లాగేవాడు. టాపు కిక్కురుమనేది కాదు. అలాంటిది అది.

శ్రావణంలో ఒక పెళ్లికి వాన పట్టుకుంది. పెళ్లికూతురి నెత్తి మీద ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ధారే. పక్కన కూర్చున్న మేనత్త కొంగు అడ్డం పెట్టింది.

"ఏవయ్యా సత్తిరాజూ, కారుకి టాపేసావా, జల్లెడేసావా? పిల్లకి మంగళస్నానం పొద్దున్నే అయిపోయిందయ్యా!"

పెళ్లికొడుకు నవ్వాడు. సత్తిరాజు నవ్వలేదు. ఆ మాట ఊళ్లో పాకింది. మాట్లాడుకున్న పెళ్లిళ్లు వేరే కార్లకు పోయాయి.

ఇక మరమ్మతులు. కుట్లు విప్పి మళ్లీ కుట్టించాడు. అద్దం చుట్టూ రబ్బరు మార్పించాడు. కుట్టు పొడవునా గమ్ము పూశాడు. అయినా కారుతూనే ఉంది. చివరికి చిన్నబ్బులును లోపల కూర్చోబెట్టి, పైనుంచి గొట్టంతో నీళ్లు కొట్టాడు. నీళ్లు నడిమధ్య నుంచి, హృదయం బొమ్మ పెట్టే చోటు నుంచి, సరిగ్గా చిన్నబ్బులు నెత్తి మీదే పడ్డాయి.

"ఎక్కడ కారతందిరా?"

"కుట్టు దగ్గరే బావా. గుడ్డ ముసల్దైపోయింది. పీకించేసి కొత్తది ఏయించెయ్."

"అలా అనకురా. ఇది పోతే కారు కళే పోద్ది."

ఆ మాటకు నేను మళ్లీ నమ్మాను.

సీటు కవర్లు కుట్టే మస్తాన్ దగ్గరకు తీసుకెళ్లాడు. మిట్టమధ్యాహ్నం. మస్తాన్ నా లోపల కూర్చుని తల పైకెత్తాడు.

"సత్తిరాజుగారూ, ఓసారి లోపలికి రండి."

వచ్చి చూశాడు. టాపు నిండా ఎండ చుక్కలు. చుక్కలన్నీ కలిసి హృదయం బొమ్మ. అందులోంచి బాణం. ఎవరి చేతిపనో అడగక్కర్లేదు.

"లోపల ఇంకో పొర అతికిస్తే సరిపోద్దండి. గుడ్డ గట్టిదే" అన్నాడు మస్తాన్.

సత్తిరాజు బాణం మొన దగ్గర చిల్లు మీద వేలు పెట్టి చూశాడు. నేను ఎదురుచూశాను. టాపూ ఎదురుచూసింది.

"అతికిస్తే ఎందుకతికించానో చెప్పాలి. తమ్ముణ్ణి ఒక్క మాటంటే మా ఆవిడ ఊరుకోదు. గుడ్డ పాతదైపోయిందని చెబుదాం. పీకెయ్" అన్నాడు.

ఇంటిమనిషి ఎవరో తేలిపోయింది.

కొత్త రెక్సిన్ టాపు బిగిస్తుండగా చిన్నబ్బులు వచ్చాడు. మూలన చుట్టి పడేసిన నా టాపును కాలితో కదిపాడు.

"బావా, ఇది నాకిచ్చెయ్. పూలబుట్టల మీద కప్పుకుంటా. చిల్లులున్నా పర్లేదు, పూలకి గాలాడతాది."

చిల్లుల సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మస్తాన్ చేతిలో పని ఆపాడు. సత్తిరాజు బావమరిది ముఖంలోకి చూశాడు. ఇప్పుడైనా అడుగుతాడనుకున్నాను.

"పట్టుకెళ్లు" అన్నాడు.

ఇప్పుడు ప్రతి పెళ్లికి ముందూ నన్ను చిన్నబ్బులు పూల కొట్టు ఎదురుగానే ఆపుతారు. నా పాత టాపు బుట్టల మీద పడి ఉంటుంది, తడిసి, బంతిపూల పసుపు అంటుకుని. చిన్నబ్బులు అదే గుండుసూదుల డబ్బా పట్టుకుని నా మీదకు వస్తాడు. సత్తిరాజు టీకి వెళ్తాడు. ఇదివరకు తెలియక వెళ్లేవాడు. ఇప్పుడు తెలిసి వెళ్తున్నాడు.

ఇదివరకు తన చోట ఎవరుండేవారని కొత్త టాపు ఒకసారి నన్నడిగింది. జవాబు చెప్పలేదు. మీకు చెప్పాను, మధ్యలో అడ్డురాలేదు కాబట్టి. ఇక ఎవరికీ చెప్పను. మీరూ మళ్లీ అడగొద్దు.