నలభై ఒకటో పేజీ

చోంగ్-బులాక్ ఊళ్లో జూరకాన్ తట్టని తలుపు లేదు. ముప్పై రెండేళ్లు ఊరి గ్రంథాలయం నడిపి రిటైరైన మనిషి, హాయిగా ఇంట్లో కూర్చుని మనవరాలి పెళ్లి దుప్పట్లు కుట్టుకోవచ్చు కదా? అబ్బే. మూడేళ్ల పాటు ఇల్లిల్లూ తిరిగి, గోడల మీది పటాలు దింపించి, పెట్టెల అడుగున ఉన్న పాత ఫోటోలు బయటికి లాగించి, ఈ గుర్రం ఎవరిది, ఈ టోపీ ఆయన ఎవరి తాత అని ముసలివాళ్ల ప్రాణాలు తోడేసింది. ఆమె వస్తోందంటే కుక్కను విప్పేసేవాళ్లు కూడా ఉన్నారు. అయినా వెళ్లేది. రాజధానిలో ప్రచురణకర్తలు మీ ఊరి మొహాలు మీ ఊరికి తప్ప ఎవరికి కావాలమ్మా అన్నారు. అయితే మా ఊరికే వేసుకుంటాం అని తనే అచ్చు వేయించింది.

గురువారం ఉదయం పుస్తకాలు వచ్చాయి. మూడు వందల ప్రతులు, ఎనిమిది అట్టపెట్టెల్లో. శనివారం ఊరి క్లబ్బులో ఆవిష్కరణ సభ. అది కాగానే మూడు వారాల్లో మనవరాలు అకిలాయ్ పెళ్లి. పిల్ల తల్లిదండ్రులు మందతో వేసవి మేతకు కొండ మీద ఉన్నారు కాబట్టి ఆ పనులన్నీ జూరకాన్ నెత్తినే పడ్డాయి. పడితే ఏం? డెబ్బై ఏళ్ల బతుకులో ఇంత సంతోషంగా ఆమె ఎప్పుడూ లేదు. మొదటి ప్రతిని చంకన పెట్టుకుని, ఊళ్లో అందరికంటే పెద్దదైన కల్బుబు ముసలమ్మ దగ్గరికి వెళ్లింది.

కల్బుబుకి ఎనభై ఎనిమిదేళ్లు. కాళ్లు పడిపోయాయి కానీ నోరు పడిపోలేదు.

"వచ్చావా కోడలా! మూడేళ్లు మా బుర్రలు తిన్నావు, ఏం వండావో చూద్దాం, ఇలా తే" అని భూతద్దం తీసింది.

ఒక్కో పేజీ తిప్పుతూ, చచ్చిపోయిన వాళ్లందర్నీ పేరు పెట్టి తిట్టింది, కొందర్ని ముద్దుపెట్టుకుంది. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగింది.

అది జూరకాన్ అత్తగారి పెట్టెలో దొరికిన ఫోటో. అగ్గిపెట్టె అంత ఉండేది. తమ ఇంటిది కదా అని కొంచెం స్వార్థంతో పేజీ నిండా పెద్దది చేయించింది. అత్తగారు చిన్నపిల్లలా ఉంది. పక్కన ఐదేళ్ల జుమాదిల్ నిలబడి ఉన్నాడు. జూరకాన్ మొగుడు ఆయనే, పోయి ఆరేళ్లయింది. అత్తగారి ఒళ్లో ఒక పసివాడు. యుద్ధంలో ఉన్న తండ్రికి పంపడానికి తీయించిన ఫోటో. పంపేలోపే తండ్రి చావు కబురు వచ్చింది. కింద జూరకాన్ రాసింది ఇంతే: 'జుమాదిల్, తల్లి, తమ్ముడు తుర్గన్. 1943. తమ్ముడు ఆ చలికాలమే చనిపోయాడు.'

"తుర్గన్‌ని పెట్టేశావా!" అంది కల్బుబు. "నీకు ధైర్యం ఎక్కువేనే."

"ధైర్యమేంటి అత్తా? ఎప్పుడో చచ్చిపోయిన పసిగుడ్డు."

"ఎవరు చచ్చారు?"

"తుర్గన్. ఆకలికి పోయాడంట కదా."

ముసలమ్మ భూతద్దం ఆమె చేతిలో పెట్టింది. "చెయ్యి చూడు. ఎడమ చెయ్యి."

జూరకాన్ చూసింది. పసివాడి ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, ఒక్క వేలులా ఉన్నాయి. చిన్న ఫోటోలో అది ఏనాడూ కనపడలేదు. అలాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల ఒక్కరికే ఉంది. ఆ చేత్తోనే మూడు తీగల కొముజ్ వాయించి మూడు జిల్లాల్లో పేరు తెచ్చుకున్న అసనాకున్‌కి. అకిలాయ్ చేసుకోబోయే తిలెక్, ఆ అసనాకున్ మనవడు.

"అత్తా... ఇదేంటి?"

"ఏముంది? ఇంట్లో గింజ లేదు. మొగుడు చచ్చాడు. కనుమ అవతల తెమిర్కాన్ పెళ్లానికి పిల్లల్లేరు. చీకటి పడకముందే వచ్చారు, గుర్రం మీద నుంచే చేతులు చాపారు, మీ అత్త అందించింది. నాకు పన్నెండేళ్లు, కళ్లెం పట్టుకుని నేనే నిలబడ్డా. చచ్చిపోయాడని చెప్పుకుందాం, పెంచినవాళ్లకే దక్కాలి అని ఒట్టు వేసుకున్నారు. పేరు మార్చారు. పదేళ్ల తర్వాత ఆ ఇంటివాళ్లు ఈ ఊరే వచ్చి పడ్డారు. ఉయ్యాల్లో బిగించి కట్టిన పిల్లాడి చెయ్యి అప్పట్లో ఎవరు చూశారు? తెలిసినవాళ్లం ఐదుగురం. నలుగురు పోయారు."

"మా ఆయనకి?"

"వాళ్లమ్మ పోయే ముందు చెప్పింది. ఆ నలుగుర్లో వాడొకడు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు? పిల్ల నిశ్చితార్థం అయిపోయింది కదా!"

"ఎవరి మనవడో నాకు చెప్పావా? చదువుకున్న కుర్రాడు, బుద్ధిమంతుడు అన్నావు. బుద్ధిమంతుడికి తాత ఉండడా? నోరు తెరిస్తే ఆ పుస్తకం గొడవేగా నీకు!"

ఏడు తరాల లోపు తండ్రుల పేర్లలో ఒక్కటి కలిసినా పెళ్లి లేదు. ఈ కొండల్లో పాలు తాగే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఏడు కాదు, ఇక్కడ మూడో తరంలోనే కలిసిపోయింది. అకిలాయ్ తాత, తిలెక్ తాత ఒక్క తల్లి పిల్లలు. ఇక అసనాకున్ ఇంటి నుంచి తీసుకున్న ఫోటో కూడా ఇదే పుస్తకంలో ఉంది. తెమిర్కాన్ మోకాలి మీద రెండేళ్ల పిల్లాడు, అదే చెయ్యి. డెబ్బై ఆరేళ్లు రెండిళ్లలో రెండు పెట్టెల్లో విడివిడిగా పడి ఉన్న ఫోటోలను తెచ్చి ఒకే అట్ట మధ్య కుట్టించింది ఎవరు? ఈ మహాతల్లే. శనివారం ఊరంతా పేజీలు తిప్పుతుంది.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. పెట్టె తెరిచి, ఒక పుస్తకం తీసి, నలభై ఒకటో పేజీ పట్టుకుని చించింది. చర్రున వచ్చింది. ఇంకోటి. ఇంకోటి. ఏడో పుస్తకం దగ్గర చించిన కాగితం తిరగబడి నేల మీద పడింది. నలభై రెండో పేజీ. బండి ముందు నిలబడ్డ ఐదుగురు కుర్రాళ్లు, యుద్ధానికి బయల్దేరిన రోజు. ఒక్కడూ తిరిగి రాలేదు. వాళ్ల చెల్లెలు ఆ ఫోటోను గుండెలకు హత్తుకుని, "పోగొట్టావంటే నిన్ను చంపేస్తా" అంటూ ఇచ్చింది. ఇది చించితే అదీ పోతుంది. జూరకాన్ ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని భోరుమని ఏడ్చింది. తన పుస్తకాన్ని తన చేతులతోనే చీల్చుకుంటోంది, అదీ సగమే చేతనవుతోంది.

అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది. అకిలాయ్ ఎక్కడ?

"మీ పిల్లా?" అంది గోడ అవతలి పొరుగావిడ. "పుస్తకం హత్తుకుని అత్తారింటి వైపు పరిగెత్తింది. మూడు వారాలు ఆగలేకపోతోంది పాపం!"

జూరకాన్ పరిగెత్తింది. మోకాళ్ల నొప్పి అని గ్రంథాలయం మెట్లు కూడా ఎక్కని మనిషి కాలవ దూకింది.

అసనాకున్ వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకం మోకాళ్ల మీద తెరిచి ఉంది. వంటింట్లోంచి అకిలాయ్ నవ్వు, నూనెలో పిండి వేగుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

"బావగారూ, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి" అంది జూరకాన్, రొప్పుతూ. "అచ్చు తప్పులు పడ్డాయి. వేరేది తెస్తా."

"కూర్చోండి వియ్యపురాలు గారూ."

"నలభై ఒకటో పేజీలో తప్పు పడింది. ప్రెస్సువాళ్లు ఏదో..."

అతను ఎడమ చెయ్యి తీసి పేజీ మీద పెట్టాడు. పసివాడి చెయ్యి పక్కనే ముడతలు పడ్డ ముసలి చెయ్యి. "ఇది కూడా ప్రెస్సువాళ్ల తప్పేనా?"

ఆమె అరుగు అంచున కూలబడింది. తెలిసిందంతా చెప్పేసింది. దాచడానికి ఆమెలో శక్తి మిగల్లేదు. చివర్లో అతని మోకాలు పట్టుకుంది.

"ఎవరికీ తెలీదు. కల్బుబు చెప్పదు. అన్ని పుస్తకాల్లోనూ చించేస్తా, కాదంటే పొయ్యిలో పెట్టేస్తా. మూడేళ్ల కష్టం, పోతే పోనీండి. పిల్లలు బావగారూ! దానికి వాడంటే ప్రాణం. వాణ్ణి చూడకపోతే అన్నం కూడా తినదు. మనిద్దరం నోరు మూసుకుంటే చాలు."

అసనాకున్ చెయ్యి పేజీ మీద నుంచి తీయలేదు.

"జుమాదిల్ పోయినప్పుడు పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నా" అన్నాడు. "ఊరివాళ్లతో పాటు మోశా. ఊరివాళ్లతో పాటు చేతులు కడుక్కున్నా. ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నా. అయినవాళ్లు నిలబడేలా గుమ్మం ముందు కర్ర పట్టుకుని నిలబడి 'అన్నా' అని ఏడవాల్సినవాణ్ణి. మీరు నన్ను నోరు మూసుకోమంటున్నారు. వాడు ముప్పై ఏళ్లు మూసుకున్నాడు, చూడండి ఏమైందో. నా మనవడికి ఏడుగురు తండ్రుల పేర్లు నేనే నేర్పా. ఒక్కటి తప్పు చెబితే చెవి మెలేసేవాణ్ణి. అన్నీ తప్పే నేర్పానన్నమాట."

"బావగారూ..."

"నన్ను కన్న అమ్మ సమాధి దగ్గర ఒక్కనాడూ తల వంచలేదు నేను. ఇప్పుడు వంచాలి. పిల్లలకి అన్యాయం అవుతోంది, నాకు తెలుసు, నాకు ఊపిరాడట్లేదు. కానీ రక్తం అని తెలిసి దగ్గరుండి పెళ్లి చేయించమంటే నా వల్ల కాదు. చెప్పు వదినా. నా తండ్రుల పేర్లు చెప్పు."

వదినా అన్నాడు. ఆమె నోటి నుంచి ఆ పేర్లు ఎన్నడూ రాలేదు. కోడలు మామగారి పేరు, ఆయన పెద్దల పేర్లు పలకకూడదు. యాభై ఏళ్లుగా పలకలేదు. పుస్తకంలో కూడా వాటిని రాయడానికి చెయ్యి రాక 'తల్లి', 'తండ్రి' అని సరిపెట్టింది. ఇప్పుడు అడుగుతున్నవాడు పరాయివాడు కాదు. ఆ ఇంటి కొడుకు. చెప్పకపోతే పాపం, చెబితే పిల్ల గొంతు కోసినట్టే.

"మోల్దోకుల్" అంది. "ఆయన తండ్రి బెర్దికె..."

"అయ్యయ్యో నాయనమ్మా!"

చేతిలో టీ పళ్లెంతో అకిలాయ్ గుమ్మంలో నిలబడి ఉంది. బుగ్గ మీద పిండి అంటింది. నవ్వు ఆగట్లేదు.

"మామగారి పేరు పలికేశావే! తాతయ్య ఉంటే ఊరుకునేవాడా? ఆగు, నీకెందుకు పాపం, నేను చెబుతా." పళ్లెం అరుగు మీద పెట్టి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిటారుగా నిలబడింది. "కుబాత్, జుమాదిల్, మోల్దోకుల్, బెర్దికె, ఎసెన్, కుర్మాన్, సారిబాయ్! ఐదేళ్లప్పుడు తాతయ్య నేర్పాడు. ఒక్కటి మర్చిపోయానా చెప్పండి?"

"లేదు తల్లీ" అన్నాడు అసనాకున్.

"మరి మా వాళ్ల పేర్లు మీకెందుకు తాతా? పెళ్లిలో చదువుతారా?"

అకిలాయ్ తిరిగి నాయనమ్మ మొహం చూసింది. కాలవ నీళ్లకు తడిసి మోకాళ్ల దాకా అంటుకుపోయిన పావడా చూసింది. తర్వాత తెరిచి ఉన్న పేజీ, దాని మీద ఇంకా తీయని అసనాకున్ చెయ్యి. ఆ చెయ్యి చూసింది, దాని పక్కన పసివాడి చెయ్యి చూసింది. వంగి కింద రాసింది చదివింది. నెమ్మదిగా చదివింది.

"ఇతను చనిపోయాడు కదా నాయనమ్మా" అంది. "నువ్వే రాశావు."

జూరకాన్ పుస్తకం మూయబోయింది.

అకిలాయ్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది. తనవైపు ఒక చేతి మీద, తిలెక్ వైపు ఇంకో చేతి మీద, పెదవులు కదపకుండా. రెండు చేతులూ మూడో వేలి దగ్గర ఆగిపోయాయి.