పీట మీది పొడి పిండి

"ఆగు, ఇంక తినకు!"

భర్త పరమేష్ అరుపుకు స్వర్ణ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. కానీ అప్పటికే ఒక జొన్నరొట్టె కడుపులోకి వెళ్లిపోయింది. టైం ఎనిమిదీ పది.

పదకొండు గంటలకు మహబూబ్‌నగర్ గ్రౌండ్‌లో ఆమె పరుగు. ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో పరిగెత్తాలి. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇదే ఆఖరి అవకాశం. వచ్చేసారికి వయసు దాటిపోతుంది.

స్వర్ణ ఒంటికి గోధుమ పడదు. అందులోని గ్లూటెన్ చిటికెడు చేరినా గంటా రెండు గంటల్లో వాంతులు, పేగులు మెలిపెట్టే నొప్పి. హైదరాబాద్ డాక్టర్ ఆ జబ్బు పేరు చెప్పిన రోజే పరమేష్ ఇంట్లోని గోధుమపిండి డబ్బా తీసి పారేశాడు. పెళ్లిళ్లకు వెళ్లినా ముందు వంటవాళ్ల దగ్గరికి పోయి గిన్నెలు చూసి వచ్చేవాడు. చుట్టాలు నవ్వినా మానలేదు.

తెల్లవారకముందే కట్టంగూర్‌లో బైకు మీద బయలుదేరారు. దారిలో స్పీడ్ బ్రేకర్ మీద టిఫిన్ సంచి తెగి అన్నమంతా రోడ్డుపాలైంది.

"రెండు అరటిపండ్లు తింట, చాలు," అంది స్వర్ణ.

"అరటిపండ్లతోని ఏం ఉరుకుతవ్? జడ్చర్లల జొన్నరొట్టె దొరుకుతది. నేను చూసుకుంట గద."

చూసుకున్నాడు కూడా. రోడ్డు పక్కన గుర్వమ్మ రొట్టెల బండి దగ్గర డబ్బాలోని పిండి వాసన చూశాడు. జొన్నే. రొట్టెలు కాల్చే పెంక తన ముందే తోమించాడు. ఆమె చేతులు కడిగించాడు.

"గీయన పోలీసాయనా ఏంది బిడ్డా?" గుర్వమ్మ నవ్వింది.

"కాదక్కా, పోలీసు నేనైత. జర మొక్కుకో."

అంతలో దారి ఇమ్మని ఒక బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. పరమేష్ తన బైకును పక్కకు పెట్టి తిరిగొచ్చేసరికి స్వర్ణ రెండో రొట్టె తుంచి నోటి దగ్గరికి తెస్తోంది. గుర్వమ్మ కింద ఉన్న వేరే సంచిలోంచి పిడికెడు పిండి తీసి రొట్టె తట్టే పీట మీద చల్లింది. అప్పుడు అరిచాడతను.

"అక్కా, గదేం పిండి?"

"గోధుమపిండి తమ్మీ. పీటకు అంటుకోకుంట జల్లుత. రొట్టె మాత్రం అసలు జొన్ననే, నా మీద ఒట్టు!"

పరమేష్ మొహం పాలిపోయింది. స్వర్ణ అతని చెయ్యి పట్టి లాగింది.

"నిలబడకు. బండి తియ్యి. నొప్పి లేవకముందే ఉరకాలె."

గ్రౌండ్ గేటు దగ్గర కానిస్టేబుల్ అడ్డుకున్నాడు. "నీ బ్యాచ్ పదకొండుకు. అప్పుడు రా."

పరమేష్ జేబులోంచి డాక్టర్ కాగితం తీశాడు. ఎప్పుడూ అతని దగ్గరే ఉండే ఆ కాగితాన్ని అక్కడ డ్యూటీలో ఉన్న ఎస్సై హరిత రెండుసార్లు చదివింది.

"తొమ్మిదిన్నర బ్యాచ్‌ల ఒకరు రాలే. ఉరుకుతవా? మధ్యల పడిపోతే మళ్ల చాన్స్ ఉండదు."

"ఉరుకుత మేడం."

మొదటి రౌండు బాగానే గడిచింది. రెండో రౌండు మలుపులో పొట్టలో కత్తి దిగినట్టయింది. ఇద్దరు అమ్మాయిలు దాటిపోయారు. కంచె అవతల పరమేష్ ఆమెతో సమానంగా పరిగెత్తుతున్నాడు, చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి.

"ఇంక నూరే స్వర్ణా! నూరే!"

ఐదు నిమిషాల పదహారు సెకన్లు. గీత దాటిన చోటే కూలబడి వాంతి చేసుకుంది.

మధ్యాహ్నం దవాఖానలో సెలైన్ చుక్కలు చుక్కలుగా దిగుతోంది. పరమేష్ స్టూలు మీద తల దించుకుని కూర్చున్నాడు.

"డబ్బ చూసిన, పెంక చూసిన, చేతులు చూసిన. పీట చూడలే. నువ్వు అరటిపండ్లన్నా నేనే ఇనలే."

"ఉరికిన గద, ఏడ్వకు." ఆమె కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. "నౌకరి వస్తే తొమ్మిది నెల్లు ట్రైనింగ్ అంట. అక్కడ మెస్సుల దినాం చపాతీలేనంట. నువ్వుండవు."

ఇన్ని నెలలుగా పరుగు గురించే ఆలోచించాడు. ఈ సంగతి అతనికి తట్టనే లేదు.

"గందుకే నాకు నేర్పు," అంది స్వర్ణ. "మెస్సోళ్లు కసురుకున్నా సరే. ఏమేం అడగాలె, ఏమేం చూడాలె?"

పరమేష్ సూది లేని ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ముందుగాల పీట చూడాలె," అన్నాడు.